కోత బలం

ఫిబ్రవరి. ఏడైనా ట్రోన్‌హైమ్‌కి తెల్లారలేదు.
ల్యాబులో హీటరు టిక్కుటిక్కుమంటోంది.
బల్ల మీద ఉక్కు గొట్టం, మూతకి మైనం,
పైన నీలి సిరాతో తోర్‌గైర్ పొలం పేరు,
బోరు ఏడు, లోతు పదకొండు మీటర్లు.

జాకీ తిప్పుతుంటే మట్టి మెల్లిగా బయటికొస్తుంది,
బూడిద కలిసిన నీలం, సబ్బుకడ్డీ నునుపు.
తీగతో కోస్తాను. ముక్క నిటారుగా నిలబడుతుంది.
చూస్తే నమ్మబుద్ధేస్తుంది.
ఇది ఒకప్పటి సముద్రం అడుగు.
ఇలాంటి ముక్కలోనే ఒకసారి గోరంత ఆల్చిప్ప దొరికింది,
కాఫీ డబ్బా మూతలో ఇప్పటికీ దాచుకున్నాను.

వంద గ్రాముల శంకువు.
మొన మట్టిని తాకీ తాకనట్టు దించి మీట వదిలాను.
ఆరు మిల్లీమీటర్లు దిగి ఆగింది.
ఇరవై ఏడు కిలోపాస్కల్స్, రాశాను.
పశువుల కొట్టం, ట్రాక్టరు, ధాన్యం గాదె,
పెళ్ళికొచ్చిన నూట ఇరవై మంది, వాళ్ళ కార్లు,
అన్నిటినీ మోస్తుంది,
ఎవరూ కదపనంత కాలం.

కదపడం ఫారంలో రెండో గడి.

గిన్నెలో వేసి గరిటెతో కలుపుతాను.
నీళ్ళు పోయను, చుక్క కూడా.
కొత్తగా చేరిన ఐవిన్ నేనెక్కడో దొంగచాటుగా పోశాననుకుని
నా చేతులకేసే చూస్తున్నాడు.
పది తిప్పులకి ముద్ద. ఇరవైకి జావ.
నలభై దాటాక గిన్నె వంచితే
మజ్జిగలా అంచు దాకా వచ్చేసింది.
పది గ్రాముల బుల్లి శంకువు మెడదాకా మునిగింది.
సున్నా, చుక్క, మళ్ళీ సున్నా, ఏడు.
నా చేతిరాత ఎప్పుడూ ఈ గడిలోనే చిన్నదవుతుంది.

మంచు బరువు దిగిపోయాక
ఈ నేల వీపు పైకెత్తి సముద్రంలోంచి లేచింది.
ఉప్పునీళ్ళలో రేణువులు ఒకదానికొకటి ఒరిగి
కట్టుకున్న పేకమేడ ఇది.
తర్వాత వానలు, కొండ ఊటలు
చెంచాడు చెంచాడుగా ఉప్పంతా పట్టుకుపోయాయి.
మేడ మిగిలింది.
ఉప్పు తిన్న విశ్వాసం మటుకు పోయింది.

కోత బలం అంటారు నేను కొలిచేదాన్ని.
తోర్‌గైర్‌కి కోతంటే ఆగస్టులో బార్లీ.
పొలం దిగువన గౌలా ఏటికి కోతంటే
గట్టు అడుగున రోజుకో పిడికెడు.
మూడు కోతలూ ఒకచోట కలవడం
నా చిన్నతనంలో ఒక రాత్రి చూశాను:
వీధి దీపం, వెలుగుతూనే,
నిలువునా కిందికి నడిచి వెళ్ళిపోయింది.
అమ్మ నా కళ్ళు మూసింది, ఆలస్యంగా.

పదిన్నరకి ఫోను. తోర్‌గైర్.
ఇల్లు నిలుస్తుందా అని అడగలేదు.
"పదకొండు ఆవులు, రెండు చూలువి.
కదల్చమంటావా?"
అదే మాట, కదల్చడం.
"రిపోర్టు రేపటికి," అనాలి నేను. రూలు అది.
గిన్నెకేసి చూశాను.
"ఈ రోజే," అన్నాను. "ఒక్కొక్కదాన్నే, మెల్లిగా, పై దారిన.
గట్టు అంచున ఏమీ తవ్వకు, ఏమీ పొయ్యకు."
చాలాసేపు గాలి చప్పుడే వినపడింది.
"ముసలిది ముందు నడవదు," అన్నాడు,
"దానికి నేనే ముందు నడవాలి."

మధ్యాహ్నం, గుడ్డు కోసం తెచ్చుకున్న ఉప్పు
చిటికెడు, ఇంకో చిటికెడు
ఆ గిన్నెలో వేసి కలిపాను.
ఐవిన్ నవ్వాడు.
దీనికి ఫారంలో గడి లేదు.
ఆ పొలానికి సరిపడా ఉప్పు నా డబ్బాలో లేదు.

సాయంత్రం కోటు తొడుక్కుని గిన్నె కడగబోతే
మట్టిలో గరిటె
దానంతటదే నిలబడి ఉంది.